ఉప్పుగాలిలో పొయ్యి: ఏ భాగం ఎన్నాళ్లు, ఎంత పొదుపు

పొయ్యి చేసే పనులు మూడే. ఇంధనాన్ని గాలితో కలపాలి, మండించాలి, పుట్టిన వేడిని గిన్నె అడుక్కి చేర్చాలి. మూడు రాళ్ల పొయ్యి అయినా, గాజుపలక మీద మూడు బర్నర్లు మెరిసే గ్యాస్ స్టవ్ అయినా ఇంతకు మించి చేసేది లేదు. ఈ పనుల్ని ఏ భాగం చేస్తోంది, ఎంత వేడిని గాలిపాలు చేస్తోంది, ఎన్నేళ్లు అదే తీరుగా చేస్తుంది అన్నవే ఒక పొయ్యిని ఇంకో పొయ్యితో పోల్చడానికి పనికొచ్చే ప్రశ్నలు. నెల్లూరు తీరంలో, అంటే కావలి పక్కన తుమ్మలపెంట మొదలు జువ్వలదిన్నె, ఇస్కపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం మీదుగా పులికాట్ సరస్సు దాకా, ఈ ప్రశ్నలకు జవాబు మెట్ట ఊళ్లలో వచ్చే జవాబు కాదు. కారణం ఉప్పుగాలి.

అల విరిగినప్పుడు లేచే నీటి తుంపరలో అతి సన్నని బిందువులు గాలిలోనే ఆరిపోయి ఉప్పు రేణువులుగా మిగులుతాయి. గాలి వాటిని ఊళ్లోకి మోసుకొస్తుంది. కెరటాల పక్కన అవి ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ వేగంగా తగ్గిపోతాయి. శుద్ధమైన సోడియం క్లోరైడ్ గాలిలో తేమ 75 శాతం దాటితేనే చెమ్మగిల్లి కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ చాలు. ఇస్కపల్లి కొటార్లలో కుప్పపోసిన ముతక ఉప్పు వాన లేని రోజున కూడా చేతికి తడిగా తగలడానికి కారణం అదే. వంటింట్లో ఇనుప కమ్మీ మీద వాలిన రేణువు కూడా అలాగే తేమను పట్టి ఉంచుతుంది. కంటికి కనపడని ఆ తడిపొర కింద తుప్పు పని చేసుకుపోతుంది. క్లోరైడ్‌కు ఇంకో గుణం ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలును, అల్యూమినియాన్ని కాపాడే పలచని ఆక్సైడ్ పొరను అది అక్కడక్కడ తొలుస్తుంది. ఆ చిన్న గుంట లోపలికి దిగుతూ పోతుంది.

ఈ లెక్కన చూస్తే తీరంలో అన్నిటికన్నా మన్నికైన పొయ్యి మట్టి పొయ్యే. దానికి తుప్పు లేదు. పగిలితే మట్టీ పేడా కలిపి మెత్తితే సరి, మెకానిక్కు అక్కరలేదు. పొదుపులో మాత్రం అది అన్నిటికన్నా వెనక. మామూలు కట్టెల పొయ్యిలో పుట్టిన వేడిలో గిన్నెకు చేరేది ఇంచుమించు పదో వంతు. మిగతాది మట్టి గోడల్ని వేడెక్కించడానికి, గిన్నె పక్కల నుంచి పైకి పోవడానికి, సగం కాలిన పొగగా మారడానికి ఖర్చవుతుంది.

కట్టె విషయంలో ఈ తీరానికి అదృష్టం ఉంది. ఇసుక నేలల్లో పెరిగే సరుగుడు మంచి వంటచెరకు. ఎండిన కట్టె కిలోకు దగ్గర దగ్గర 5,000 కిలోకేలరీల వేడి ఇస్తుంది, పచ్చిగా ఉన్నా మిగతా కట్టెల కన్నా మేలుగా మండుతుంది. రైళ్లూ లారీలూ పెరగక ముందు ఈ తీరపు కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు వంటిళ్లకు చేరేవి. ఇప్పుడు సరుగుడు దుంగలు కాగితం మిల్లులకూ, ఇళ్ల కట్టడంలో సారువలకూ పోతున్నాయి. పొయ్యిలోకి వచ్చేవి కొమ్మలూ రాలిన ఆకూ, తాటిమట్టలూ, చిల్లకంపా. పైగా నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తడిసిన కట్టెలోని ప్రతి కిలో నీరూ ఆవిరి కావడానికి 600 కిలోకేలరీలకు పైగా తినేస్తుంది. అందుకే కార్తీకంలో పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకుని కూర్చోవడం తప్పదు.

ఈ పొయ్యిని బాగుచేయాలన్న ప్రయత్నాల్లో తెలుగునాట జరిగినది ఒకటి చెప్పుకోదగింది. హైదరాబాదు ఇంజినీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిని రూపొందించి, పొగలేని వంటిళ్ల గురించి 1953లో ఒక చిన్న పుస్తకం కూడా వేశారు. తరవాత 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి 2002 వరకు నడిపింది. వాటిలో కొత్తగా వచ్చిన భాగాలు రెండు: కట్టె కింద గాలి ఆడే ఇనుప జల్లెడ, పొగను బయటికి లాగే గొట్టం.

జల్లెడ వల్ల లాభం నిజమే. కింది నుంచి గాలి అందితే కట్టె పూర్తిగా కాలుతుంది, పొగ తగ్గుతుంది. కాని ఎర్రగా కాగిన ఇనుము గాలిలో పొలుసులుగా రాలుతుంది. చల్లారాక ఆ పొలుసుల సందుల్లో ఉప్పు తేమ చేరుతుంది. పగలు నిప్పు, రాత్రి ఉప్పు రెండూ కలిసి సన్న కమ్మీల జల్లెడను త్వరగా తినేస్తాయి. పోత ఇనుముదైతే బరువెక్కువ, మన్నికా ఎక్కువే. పొగగొట్టం వ్యవహారం ఇంకా చిక్కు. అది ఇంటి ఆడవాళ్ల కళ్లకూ ఊపిరితిత్తులకూ చేసిన మేలు కట్టె ఆదా కంటే పెద్దది. అయితే లాగుడు ఎక్కువైతే పొగతో పాటు వేడీ గొట్టంలోకి పోతుంది, కట్టె ఖర్చు పెరుగుతుంది. మసి తీయకపోతే లాగుడు పూర్తిగా ఆగి, పొగ మళ్లీ వంటింట్లోకే తిరుగుతుంది. తాటాకు కప్పులోంచి గొట్టం తీయడమంటే వాన కారడానికి, నిప్పు అంటుకోవడానికి దారి ఇచ్చినట్టే. సముద్రం వైపు నుంచి గాలి తోసినప్పుడు ఎదురుపొగ సరేసరి. పొయ్యి గీసినవాళ్ల లెక్క తప్పు కాదు. మసి తీసే పనిని వాళ్లు లెక్కలో వేసుకోలేదు, అంతే. ఈ కాలపు చేతిపొయ్యిలకు భారతీయ ప్రమాణం మామూలు గాలితో నడిచేవాటికి కనీసం 25 శాతం, చిన్న ఫ్యాను ఉన్నవాటికి 35 శాతం సామర్థ్యం అడుగుతుంది. ఆ ఫ్యాను మోటారు ఉప్పుగాలిలో ఎన్నాళ్లుంటుందన్నది మళ్లీ వేరే ప్రశ్న.

వరి పండే జిల్లా కనుక ఊక పొయ్యినీ చెప్పుకోవాలి. రేకు డబ్బాలో నడుమ ఒక గొట్టం నిలబెట్టి చుట్టూ ఊక దట్టించి, గొట్టం లాగేస్తే మిగిలే బెజ్జంలో మంట నడుస్తుంది. కదిలే భాగమే లేదు. ఊక వేడి కిలోకు మూడు వేల కిలోకేలరీల పైచిలుకు మాత్రమే. దాని బరువులో అయిదో వంతు బూడిద, అందులో దాదాపు అంతా సిలికా. చెడిపోయేది డబ్బా ఒక్కటే.

కిరోసిన్ స్టవ్‌లలో వత్తులదానికీ పంపుదానికీ ఉన్న తేడా ఈ అధ్యాయపు విషయాన్నంతా ఒక్కచోట చూపిస్తుంది. వత్తుల స్టవ్ నూనెను నూలు దారాల గుండా పీల్చి మండిస్తుంది. మంట చిన్నది, వాసన ఎక్కువ. అయినా వత్తులు కత్తిరించి, అరిగితే మార్చుకుంటే ఏళ్ల తరబడి నడుస్తుంది. 1892లో స్వీడన్‌లో ఫ్రాన్స్ లిండ్‌క్విస్ట్ తయారుచేసిన పంపు స్టవ్ నూనెను ఒత్తిడితో వేడి గొట్టంలోకి పంపి, ఆవిరి చేసి మండిస్తుంది. నీలిమంట, మంచి వేడి. దానికి మాత్రం పిన్ను, నాజిల్, తోలు వాషర్, గాలి ఆగే ట్యాంకు అన్నీ సరిగా ఉండాలి. ఒక్కటి తప్పినా మంట ఆరుతుంది, లేదా ఎగసిపడుతుంది. పొదుపును పెంచే ప్రతి భాగం చెడిపోయే చోటును ఒకటి చేరుస్తుంది. గ్యాస్ స్టవ్‌లో ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్వల పథకం మత్స్యకార పల్లెల్లోకి గ్యాస్‌ను తెచ్చాయి. సిలిండర్‌లోని గ్యాస్ ప్రధానంగా ప్రొపేన్, బ్యుటేన్ కలిసిన ద్రవం. కిలోకు సుమారు 10,900 కిలోకేలరీలు. ఐఎస్ 4246 అనే భారతీయ ప్రమాణం ఇంటి గ్యాస్ స్టవ్‌కు కనీసం 68 శాతం సామర్థ్యం ఉండాలంటుంది. లెక్క వేస్తే, 30 డిగ్రీల దగ్గరున్న రెండు లీటర్ల నీళ్లు మరగడానికి 140 కిలోకేలరీలు కావాలి. 68 శాతం స్టవ్ మీద ఇందుకు 19 గ్రాముల గ్యాస్ ఖర్చవుతుంది. కట్టెల పొయ్యి మీద 300 గ్రాముల దాకా ఎండు కట్టె మండాలి. స్టవ్ సామర్థ్యం 68 నుంచి 72 శాతానికి పెరిగితే 14.2 కిలోల సిలిండర్ మీద మిగిలేది ముప్పావు కిలో పైన. అది చిన్నదేమీ కాదు. కాని కొన్న రోజున 72 శాతం ఇచ్చిన స్టవ్ మూడేళ్ల తరవాతా అంతే ఇస్తుందా అన్నది భాగాలను బట్టి ఉంటుంది. గ్యాస్ నడిచే దారి వెంటే ఆ భాగాలను చూడవచ్చు.

సిలిండర్ లోపల ఒత్తిడి వేసవిలో వాతావరణ పీడనానికి అయిదారు రెట్లు దాటుతుంది. రెగ్యులేటర్ దాన్ని చదరపు సెంటీమీటరుకు 30 గ్రాముల ఒత్తిడికి దించుతుంది. ఇందుకు లోపల ఉన్నవి ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు. రబ్బరు గట్టిపడితే, స్ప్రింగు తుప్పుపడితే ఒత్తిడి అటూ ఇటూ అవుతుంది. ఎక్కువైతే మంట బర్నర్ నుంచి లేచి చప్పుడు చేస్తుంది, తక్కువైతే వంట సాగదు. రెగ్యులేటర్‌ను ఇంట్లో విప్పకూడదు, అనుమానం వస్తే మార్చాల్సిందే. సిలిండర్ మెడ లోపల వేలంత మందం కూడా లేని వాషర్ ఇంకో కీలకం. నలిగిపోయిన వాషర్‌తో వచ్చిన సిలిండర్‌ను తిప్పి పంపాలి. మెడ దగ్గర పట్టీ మీద ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం రాసి ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. ఆ గడువులోగా సిలిండర్‌ను మళ్లీ పరీక్షించాలని అర్థం.

గొట్టం సంగతికొస్తే, పాత పచ్చ రబ్బరు గొట్టానికీ ఇప్పటి నారింజ రంగు సురక్షా గొట్టానికీ పోలికే లేదు. దీని పొరల మధ్య ఉక్కు తీగ అల్లిక ఉంటుంది, ఎలుక కొరికినా అంత తేలిగ్గా తెగదు. అయిదేళ్లకు మార్చాలి. ఆ గడువు చాలామందికి తెలుసు. తీరంలో గొట్టం కంటే ముందు దాని కొసన బిగించే ఇనుప క్లిప్పు తుప్పుపడుతుందన్నది అంతగా పట్టించుకోరు. తుప్పు క్లిప్పు పట్టు వదిలితే కొత్త గొట్టం కూడా జారుతుంది. సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడటం ఏ పరికరం అక్కరలేని పరీక్ష.

నాబ్ వెనక ఉండే వాల్వు ఇత్తడిది. శంకు ఆకారపు బిరడా ఒకటి అదే ఆకారపు గూడులో తిరుగుతుంది, నడుమ గ్రీజు పొర ఉంటుంది. గ్యాస్ బయటికి రాకుండా ఆపేది ఆ పొరే. వేడికి గ్రీజు ఎండితే నాబ్ బిగుసుకుంటుంది. బలవంతంగా తిప్పితే ఇత్తడి గీసుకుపోయి లీకు మొదలవుతుంది. స్టవ్ కొనేటప్పుడు అందరూ పెద్దమంట చూస్తారు. చూడాల్సింది చిన్నమంట. నెల్లూరు చేపల పులుసు దీనికి మంచి పరీక్ష. ఉడుకు పట్టాక ముక్క చెదరకుండా సిమ్‌లో చాలాసేపు మగ్గాలి. కిటికీలోంచి గాలి వీచినా ఆరకుండా, అడుగంటకుండా నిలిచే చిన్నమంటను ఇవ్వడం వాల్వు పనితనం. చవక వాల్వులో సిమ్ అంటే సగం మంట, లేదా ఆరిపోయే మంట. రెండూ ఖర్చే, రెండోది ప్రమాదం కూడా.

అన్ని భాగాల్లోకీ చిన్నది, చవకది, పొదుపును ఎక్కువగా శాసించేది జెట్. ఇత్తడి ముక్కలో మిల్లీమీటరు కంటే సన్నని బెజ్జం. అందులోంచి దూసుకొచ్చే గ్యాసే పక్కనున్న గాలిని తనతో లాక్కుపోతుంది. హైడెల్‌బర్గ్‌లో 1855లో రాబర్ట్ బున్‌సెన్ ప్రయోగశాలకు చేసిన బర్నర్ సూత్రమే ఇది. బెజ్జం మూసుకుంటే సూదితో పొడవడం ఇళ్లలో మామూలు. బెజ్జం అడ్డుకొలత పదో వంతు పెరిగితే దాని వైశాల్యం 21 శాతం పెరుగుతుంది, గ్యాసూ అంతే ఎక్కువ వస్తుంది. గాలి ఆ లెక్కన పెరగదు. మంట పసుపెక్కుతుంది, గిన్నె అడుగు నల్లబడుతుంది, సిలిండర్ వారం ముందే అయిపోతుంది. కొత్త జెట్ ఖరీదు ఆ నష్టం ముందు లెక్కలోకి రాదు. పైపు గ్యాస్ వచ్చిన ఇళ్లలో జెట్ మార్చక తప్పదు. సహజవాయువుకు ఘనపరిమాణంలో వేడి తక్కువ కనుక దానికి పెద్ద బెజ్జం కావాలి. సిలిండర్ స్టవ్‌ను అలాగే పైపుకు తగిలిస్తే మంట నీరసంగా వస్తుంది.

జెట్ ముందు ఉండేది మిక్సింగ్ ట్యూబు. ఒక వంతు గ్యాస్ పూర్తిగా కాలడానికి పాతిక నుంచి ముప్పై వంతుల గాలి కావాలి. అందులో కొంత ఇక్కడ కలుస్తుంది, మిగతాది మంట చుట్టూ అందుతుంది. కొన్నాళ్లు వాడని స్టవ్‌లో ఈ గొట్టంలోకి సాలీళ్లూ కందిరీగలూ చేరి గూడు కడతాయి. ఉన్నట్టుండి పసుపు మంట వచ్చి, జెట్ శుభ్రంగానే ఉంటే ఈ గొట్టాన్నే అనుమానించాలి. అల్యూమినియం ట్యూబు తేలిక, చవక. ఉప్పు చేరితే లోపల తెల్లటి పొడి కడుతుంది. పోత ఇనుపది బరువు, గోడ మందం కాబట్టి తుప్పు పట్టినా చాలాకాలం నిలుస్తుంది.

బర్నర్ తలకాయల్లో ఇత్తడి, పోత ఇనుము, అల్యూమినియం మిశ్రమం, వత్తిన ఉక్కు రేకు దొరుకుతాయి. ఇత్తడికి ధర ఎక్కువ. చిల్లుల కొలత సరిగ్గా కోయవచ్చు, ఏళ్లు గడిచినా ఆ కొలత నిలుస్తుంది. నీలిమంట సమంగా ఉండటానికి కావలసింది అదే. ఉక్కు రేకుది మొదటి ఏడాది సామర్థ్యంలో ఇత్తడికి తీసిపోదు. తుప్పు చిల్లుల అంచుల్ని తినడం మొదలయ్యాక మంట ఒకచోట పొడుగు, ఒకచోట పొట్టి అవుతుంది. ఇక్కడ ఉప్పు గాలిలోంచే రాదు, గిన్నెలోంచీ వస్తుంది. పొంగిన పులుసులో చింతపండు పులుపూ ఉప్పూ రెండూ ఉంటాయి. పులుపు లోహం మీది ఆక్సైడ్‌ను కరిగిస్తుంది. ఇత్తడి బిందెల్ని చింతపండుతో తోమితే మెరిసేది అందుకే. ఇత్తడి బర్నర్‌కు అది స్నానం, రేకు బర్నర్‌కు చావు. ఏదైనా సరే, పులుసు పొంగిన రోజునే కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టాలి. తడి బర్నర్ టపటపమంటుంది.

గిన్నెను మోసే కమ్మీల ఎత్తు పొదుపులో సగం కథ. గిన్నె మరీ దగ్గరైతే మంట చల్లబడి సగం కాలి, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. మరీ దూరమైతే వేడి పక్కలకు పోతుంది. తయారీదారు పెట్టిన ఎత్తును మార్చకూడదు. వేరే స్టవ్ కమ్మీలు తెచ్చి వేయడమంటే మార్చినట్టే. ఎనామెల్ పూసిన ఇనుప కమ్మీ పూత పెచ్చు లేచే దాకా బాగుంటుంది. లేచిన చోట తుప్పు పూత కిందుగా పాకుతుంది.

పై పలక సామర్థ్యాన్ని మార్చదు, ధరను మాత్రం మారుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అన్నీ ఒకటి కావు. 304 రకంలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, 430లో నికెల్ దాదాపు ఉండదు. ఉప్పుగాలిని ఎక్కువగా తట్టుకునేది 304. అంగట్లో అయస్కాంతం పెట్టి చూసేవాళ్లకు 430 అంటుకుని దొరికిపోతుంది. 202 మాత్రం 304 లాగే అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షతో దాన్ని పట్టుకోలేరు. మైపాడు లాంటి ఊళ్లో 202 పలక మీద గోధుమరంగు చుక్కలు కనపడితే ఆశ్చర్యపడనక్కరలేదు. గాజు పలకకు తుప్పు భయం లేదు. దాని అంచుకు దెబ్బ తగలకూడదు, బర్నర్ కంటే వెడల్పైన పెద్ద గుండిగలు పెట్టి గంటల తరబడి కాచకూడదు. చేపలు ఉడకబెట్టే ఇళ్లకు అది అనువైనది కాదు.

నాబ్ తిప్పితే వెలిగే ఆటో ఇగ్నిషన్ ఈ తీరంలో ముందుగా మొరాయించే భాగం. లోపల ఒక పీజో స్ఫటికాన్ని చిన్న సుత్తి కొడితే వేల వోల్టుల విద్యుత్తు పుట్టి మెరుపు దూకుతుంది. స్ఫటికం చెడిపోవడం అరుదు. తీగ మీదా పింగాణీ మీదా పేరుకున్న ఉప్పుతేమ గుండా విద్యుత్తు దారి మళ్లిపోవడమే అసలు జబ్బు. పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు బాగవుతుంది. అగ్గిపెట్టె పక్కనే ఉంటుంది కనుక ఈ భాగం కోసం ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థం లేదు.

ఇండక్షన్ స్టవ్‌లో మంటే లేదు. రాగి చుట్టలో వేగంగా మారే విద్యుత్తు గిన్నె అడుగునే వేడెక్కిస్తుంది. వేడిలో దాదాపు 85 శాతం గిన్నెకు చేరుతుంది, ఆ రెండు లీటర్ల నీళ్లకు యూనిట్‌లో అయిదో వంతు చాలు. చుట్టా గాజు పలకా గట్టివే. బలహీనం కంట్రోల్ బోర్డు, దాన్ని చల్లబరిచే ఫ్యాను. ఫ్యాను లాగే గాలి తనతో ఉప్పునూ తెచ్చి బోర్డు మీద పరుస్తుంది. కిటికీకి దూరంగా పెట్టడం, వాడనప్పుడు మూతవేసి ఉంచడం దాని ఆయుష్షును పెంచుతాయి. తుపాను రోజుల్లో కరెంటు పోతే అది ఎలాగూ పనికిరాదు, సిలిండర్ ఇంట్లో ఉండాల్సిందే. ఇంకో ఇబ్బంది గిన్నెలతో వస్తుంది. దాని మీద ఇనుము ఉన్న అడుగే వేడెక్కుతుంది. సాదా అల్యూమినియం దబరా, ఇత్తడి గిన్నె, పులుసు కాచే మట్టి చట్టి మూడూ దాని మీద చల్లగానే ఉంటాయి.